చౌడేశ్వరి మేడమ్ ఎవరి మనిషి?

మా ధర్మవరానికి కొత్త ఆఫీసరు ఎవరైనా వస్తే, ఆయన పేరూ ఊరూ తెలుసుకోక ముందే మావాళ్లు ఇంకో సంగతి ఆరా తీస్తారు. ఎవరి మనిషి? తహసీల్దారు ఎవరి మనిషి, ఎస్సై ఎవరి మనిషి, ఆఖరికి కరెంటు లైన్‌మన్ ఎవరి మనిషి. అది తేలకుండా ఆ ఆఫీసు మెట్లెక్కడానికి ఎవరికీ కాళ్లు రావు. మావాళ్లను తప్పు పట్టను. ఆ ఒక్క సంగతి తెలిస్తే సగం పని అయిపోయిన రోజులు నేనూ చాలా చూశాను. నా పేరు శివకృష్ణ. ఇక్కడి కోర్టులో ముద్దాయిల తరఫున వాదించే వకీలును. జుట్టంతా ఈ పనిలోనే తెల్లబడింది.

చౌడేశ్వరి మేడమ్ విషయంలో మాత్రం ఊరు ఊరంతా తికమక పడింది. ఆమె మా కోర్టులో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. అంటే పోలీసులు పెట్టిన కేసులను ప్రభుత్వం తరఫున నడిపే మనిషి. ఆ బల్ల దగ్గర ఆమె, ఈ బల్ల దగ్గర నేను, ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాం. ఆమె గురించి రాయడానికి నాకంటే తగినవాడు దొరకడు. ఆమె చేతిలో నాలా అన్నిసార్లు ఓడినవాడు మా బార్‌లో ఇంకొకడు లేడు మరి.

ఆమెది హిందూపురం. చింతపండు కాలం వచ్చిందంటే ఆ ఊళ్లో కొన్ని వీధుల్లో ఆడవాళ్లంతా వాకిళ్లలో కూర్చుని కాయ కొట్టి, గింజ తీసి, మండీకి పంపుతారు. వాళ్లమ్మ అనసూయమ్మ ఆ పని మీదే ఇల్లు నడిపింది. అనంతపురంలో లా చదివే రోజుల్లో కూడా చౌడేశ్వరి సెలవులకు ఇంటికొస్తే అమ్మ పక్కన కూర్చుని కాయ కొట్టేదట. ఈ సంగతి తెలిశాక మా బార్‌లో కుర్రవకీళ్లు ఊరుకుంటారా? మేడమ్ నోటి పులుపు అక్కడి నుంచే వచ్చిందని ఎగతాళి మొదలుపెట్టారు. ఒకరోజు ఆమె చెవిన పడింది.

"పులుపు కాదప్పా," అంది నవ్వుతూ. "గింజ తీసే అలవాటు. మీ వాదనలో గింజ యాడుండాదో ఎతుక్కుంటాండా, ఇంతవరకూ కనపళ్లా."

ఆ కుర్రాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆమె పరీక్ష రాసి ఉద్యోగంలోకి వచ్చింది. పెద్ద కోర్టుల్లో కొందరు ప్రాసిక్యూటర్లను ప్రభుత్వమే కొన్నాళ్లకని వేసుకుంటుంది, ప్రభుత్వం మారితే వాళ్లూ మారతారు. ఈమెది అలాంటి పోస్టు కాదు. ఊరికే పీకేయడానికి లేదు. బదిలీ మాత్రం చేయొచ్చు. ఆ ఒక్క భయంతోనే చాలామందిని వంచుతారు, వంగినవాళ్లను నేను లెక్కలేనంత మందిని చూశాను. వాళ్లేమీ చెడ్డవాళ్లు కారు. ఇల్లు, పిల్లల స్కూలు, ముసలి అత్తమామలు, ఇవన్నీ ఉన్న మామూలు మనుషులు.

ఈమె కూడా మామూలు మనిషే. కాకపోతే ఆమెకొక విచిత్రమైన అలవాటు ఉండేది. నాయకుల నుంచి ఫోన్ వస్తే గదిలో మాట్లాడేది కాదు. ఫోన్ పట్టుకుని కోర్టు వరండాలోకి వచ్చి, వాయిదాలకు వచ్చిన జనం మధ్య నిలబడి, అవతలివాళ్లు అన్న ప్రతి మాటనూ తిరిగి గట్టిగా అనేది.

"ఆఁ, చెప్పన్నా. ఇసక ట్రాక్టరు కేసా? అందులో వీఆర్వోను సాక్షిగా పిలవొద్దంటావా? ఎందుకన్నా? మీ తమ్ముని ట్రాక్టరా అది? అట్లనా, నాకు తెలీనే తెలీదు. ఇంకోసారి చెప్పన్నా, ఈడ గలాటాగా ఉండాది."

వరండాలో కానిస్టేబుళ్లు, కక్షిదారులు, టీ ఇచ్చే మనిషి, అందరూ అటు తిరిగి చెవులు రిక్కించేవాళ్లు. అవతల ఫోను కట్టయిపోయేది. మొదట్లో నేను ఆమెకు చెవుడేమో అనుకున్నాను, అమాయకురాలేమో అని జాలి కూడా పడ్డాను. ఒకసారి అడిగేశాను కూడా.

"చెవిలో చెప్తే నా ఒక్కదానికే చెప్పినట్లుంటాది సార్," అంది. "నేను సర్కారు ప్లీడరును. నాకు చెప్పేది పదిమందికీ ఇనపడితే తప్పేముండాది?"

అప్పటి నుంచి ఆమె మీద నాకు జాలి పోయింది. కొంచెం భయం పట్టుకుంది.

ఇక లక్ష్మన్న కేసు దగ్గరికి వస్తాను. ఆమె జీవితంలో నాకు తెలిసిన పెద్ద సంగతి అదొక్కటే.

లక్ష్మన్న చేనేత మనిషి. ఇంట్లో ఒకే మగ్గం. భార్య రామాంజినమ్మ, అతను కలిసి షావుకారు ఇచ్చిన పట్టుతో చీరలు నేసి ఇచ్చేవాళ్లు. మునిసిపల్ ఎన్నికల్లో అతను ఒక పార్టీకి బూత్ ఏజెంటుగా కూర్చున్నాడు. రాష్ట్రంలో అప్పుడు ఆ పార్టీదే ప్రభుత్వం. కానీ ఆ వార్డులో మాత్రం ఎదుటి పార్టీ గెలిచింది. గెలిచినవాళ్లలో ముందుండేవాడు చంద్రమోహన్. నా క్లయింటు. ఫలితాలు వచ్చిన సాయంత్రం, తాగిన మత్తులో, ఇద్దరు అనుచరులను వెంటేసుకుని లక్ష్మన్న ఇంట్లోకి దూరాడని కేసు. మా సీమలో పగ ఉంటే చీనీ చెట్లు, అంటే బత్తాయి తోటలు, నరుకుతారని అందరికీ తెలుసు. నేతగాడికి చెట్లెక్కడివి? మగ్గం మీద నిలువు పోగులుగా సాగి ఉన్న పడుగును కొడవలితో అడ్డంగా కోసేశారు. ఆపబోయిన లక్ష్మన్న అరచెయ్యి తెగింది.

అతన్ని ఆస్పత్రిలో కుట్లు వేయడానికి తీసుకుపోయారు. ఇంట్లో మిగిలిన రామాంజినమ్మ ఏం చేసిందో తెలుసా? కూర్చుని, తెగిన పోగులు ఒక్కొక్కటే పట్టుకుని ముడులు వేయడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు కూడా వచ్చి చెయ్యి వేశారు. మర్నాడు పోలీసులు పంచనామాకు వచ్చేసరికి మగ్గం మీద పడుగు బిగువుగా, చక్కగా ఉంది.

"తెగిందాన్ని ఎందుకు అతికినావమ్మా?" అని పోలీసులు తల పట్టుకున్నారట.

"తెగిన పడుగును ఇంట్లో పెట్టుకుని కూడు తినేదెట్లయ్యా?" అందట ఆమె. "మా ఇండ్లల్లో అట్ల ఇడిసిపెట్టం."

నేతవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది. దొంగతనం జరిగిన ఇంటిని ఎవరైనా కదపకుండా ఉంచుతారు. నేను లోలోపల చంకలు గుద్దుకున్నాను. కోశారన్న పడుగే లేనప్పుడు కోయడం ఎక్కడిది? కేసు సగం కూలిపోయిందని చంద్రమోహన్‌కు ధైర్యం చెప్పాను.

నా సంబరం చౌడేశ్వరి మేడమ్ ఫైలు చూసేవరకే. లక్ష్మన్ననూ రామాంజినమ్మనూ పిలిపించుకుని మాట్లాడింది. ఆ అతికిన పడుగుతో వాళ్లు అప్పటికే చీర పూర్తి చేశారు. చీర మధ్యలో, ఆ అంచు నుంచి ఈ అంచు వరకు, ముడుల వరస ఒకటి గీతలా తేలింది. షావుకారు ఆ చీర తీసుకోనన్నాడు. అది ట్రంకు పెట్టెలో పడి ఉంది. ఆమె పోలీసులకు చెప్పి ఆ చీరను స్వాధీనం చేయించింది. ఎర్ర జరీ అంచుతో, పెళ్లికూతురు కట్టుకోవాల్సిన పట్టుచీర సీలు వేసిన గుడ్డమూటలో మా కోర్టుకు సాక్ష్యంగా వచ్చింది.

అదే ఫైల్లో ఆమె కళ్లు ఇంకోచోట కూడా ఆగాయి. ముద్దాయిలు ముగ్గురు కాదు, నలుగురు. నాలుగోవాడు జహీర్, ఆటో నడుపుకుంటాడు. ఎన్నికల్లో తన ఆటోకు మైకు కట్టి చంద్రమోహన్ పార్టీకి ప్రచారం చేశాడు. అంతకుమించి అతనికీ ఈ గొడవకూ సంబంధం లేదు. ఆ సాయంత్రం అతని భార్య ఇష్రత్ హిందూపురంలో ఒక ఆస్పత్రిలో కాన్పుకు ఉంది, జహీర్ ఆ వరండాలోనే కూర్చుని ఉన్నాడు. అధికారంలో ఉన్నవాళ్ల మెప్పు కోసం పోలీసులు ఒక పేరు ఎక్కువ రాశారు. అటువంటి పేర్లు మా వైపు కేసుల్లో మామూలే.

"జహీర్‌ను నువ్వు చూసినావా?" అని మేడమ్ లక్ష్మన్నను అడిగిందట.

"లేదమ్మా. ముగ్గురే వచ్చినారు. ఆ పిల్లోని పేరు నేను చెప్పలేదు."

ఆమె పోలీసులకు అదే రాసి పంపింది, నాలుగో పేరుకు ఆధారం లేదని. వాళ్లు పట్టించుకోకుండా చార్జిషీటు వేశారు. నేను బెయిలు అడిగిన రోజు ఆమె లేచి, మొదటి ముగ్గురికి ఇవ్వొద్దని గట్టిగా వాదించి, జహీర్ విషయంలో ప్రభుత్వానికి అభ్యంతరం లేదని చెప్పి కూర్చుంది. సాయంత్రానికల్లా ఫోన్ వచ్చింది. ఆమె వరండాలోకి వచ్చింది.

"జహీర్‌కు బెయిలు రాకుండా చెయ్యాల్సిండెనా? ఎందుకన్నా? మైకు కట్టినందుకా? మైకు కట్టేది నేరం కాదన్నా."

మర్నాటికి లక్ష్మన్న పార్టీ నాయకులు తీర్పు చెప్పేశారు. చౌడేశ్వరి చంద్రమోహన్ మనిషి. చంద్రమోహన్ కూడా అదే నమ్మాడు. "మన మనిషే సార్ ఆ యమ్మ, పైకి తెలీనీకుండా ఉండాది," అని బెయిలు మీద వచ్చాక నా చెవిలో చెప్పాడు. తనకు బెయిలు వద్దన్నదే ఆమె అని గుర్తుచేశాను. అది నాటకమన్నాడు. అతన్ని జైలు నుంచి బయటికి తేవడానికి నాకు పట్టిన తిప్పలు నాకు తెలుసు, అందులో నాటకమేమీ నాకు కనపడలేదు.

తర్వాత ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది. చంద్రమోహన్ పార్టీ గద్దెనెక్కింది. రాజకీయ కక్షతో పెట్టిన కేసులన్నీ ఎత్తేస్తామన్నారు. న్యాయంగా చెప్పుకోవాలి, అలాంటి కేసులు నిజంగానే ఉన్నాయి. రోడ్డు మీద బైఠాయించినందుకు, దిష్టిబొమ్మ కాల్చినందుకు ఊళ్లకు ఊళ్ల మీద పెట్టిన కేసులు. ఇప్పుడు గద్దె దిగినవాళ్లు కూడా అంతకుముందు గద్దెనెక్కినప్పుడు ఇదే పని చేశారు. మా కోర్టుకు సంబంధించి ఏయే కేసులు ఎత్తేయాలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లక్ష్మన్న కేసు కూడా అందులో ఉంది.

ఇక్కడ చట్టం ఒక మెలిక పెట్టింది. ప్రభుత్వం అడగొచ్చు, అంతవరకే. కేసు వెనక్కి తీసుకోవాలా వద్దా అని ప్రాసిక్యూటరు సొంతంగా ఆలోచించాలి, అలా ఆలోచించానని రాసి సంతకం పెట్టాలి, దానికి కోర్టు ఒప్పుకోవాలి. చదవడానికి ఎంత బాగుంటుందో! జరిగేది మాత్రం, పైనుంచి టైపు చేసి వచ్చిన కాగితం మీద ప్రాసిక్యూటరు సంతకం పెడతాడు. "నేను స్వయంగా ఆలోచించి" అన్న మాట కూడా పైవాళ్లే టైపు చేసి పంపుతారు.

చౌడేశ్వరి మేడమ్ అన్ని ఫైళ్లూ తెప్పించుకుని చదివింది. బైఠాయింపు కేసులు, దిష్టిబొమ్మ కేసులు చకచకా ఎత్తేసింది. చంద్రమోహన్ ఒక మిఠాయి పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "రేపో ఎల్లుండో మనది కూడా అయిపోతాది సార్," అన్నాడు. కాలేదు. లక్ష్మన్న ఫైలు దగ్గర ఆమె ఆగిపోయింది. ఆమె సంతకం పెడితే ఆ కేసు అక్కడితో సరి. లక్ష్మన్న చెయ్యి ఎవరు కోశారో, మగ్గం ఎవరు కోశారో ఏ కోర్టూ అడగదు. లక్ష్మన్న రోజూ వచ్చి వరండాలో ఒక మూల నిలబడేవాడు.

ఈసారి ఫోను నాయకుడిది కాదు, ఆమె పై అధికారిది. అయినా వరండాలోకే వచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

"నమస్తే సార్. ఆఁ సార్, సంతకం పెట్టమంటారు. బాగా ఆలోచించి పెట్టినట్లు రాయమంటారు. ఆలోచించినా సార్. ఒకనికి ఎత్తేయొచ్చు అనిపించింది, ముగ్గురికి అనిపించలేదు. లేదు సార్, ఎవురూ చెప్పలేదు, నాకే అనిపించలేదు."

అవతల ఫోను పెట్టేశారు. ఆమె ఆ కట్టయిన ఫోనును ఇంకా చెవికే పెట్టుకుని ఉంది. నేను చూడలేదన్నట్టు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.

బెదిరిస్తారనుకున్నాం. అంతకంటే తెలివైన పని చేశారు. అనసూయమ్మకు రెండు కళ్లల్లోనూ శుక్లాలు, ఒక కంటికి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. దాని కోసం చౌడేశ్వరి అంతకుముందే సెలవు అడిగి, దొరక్క ఊరుకుంది. ఇప్పుడు అడక్కుండానే సెలవు మంజూరైంది. వారం రోజులు హాయిగా అమ్మ దగ్గర ఉండి రమ్మని పై అధికారి ఎంతో ప్రేమగా చెప్పాడు. ఆమె అటు వెళ్లగానే ఇన్‌చార్జి వస్తాడు, టైపు చేసిన కాగితం మీద సంతకం పెడతాడు, ఆమె తిరిగొచ్చేసరికి కేసు ఉండదు. ఎవరూ ఎవరినీ బలవంతం చేసినట్టు కాదు. కూతురు అమ్మను చూసుకోవడానికి పోయింది, అంతే కదా.

నాకు నిజంగా ఒళ్లు మండిపోయింది. నా క్లయింటుకు లాభం జరిగే ఏర్పాటే అది, అయినా మండింది. ఒక ముసలామె కంటిని అడ్డం పెట్టుకుని కేసు మాఫీ చేసుకోవడమేమిటి? ముఖాముఖి నిలబడి ఓడించే సత్తా లేదా?

ఆమె ఆ సెలవు వాడుకోలేదు. కోర్టు భోజనాల వేళ గదిలో కూర్చుని అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే, ఒక ఫైలు కోసం వెళ్లిన నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆ ఒక్క ఫోనే ఆమె వరండాలోకి తేలేదు. స్పీకరు పెట్టి, టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని కూర్చుని ఉంది.

"నేను రాలేనమ్మా. వస్తే ఈడ ఆ మగ్గం కేసు పోతాది," అంటోంది.

"ఏ పాపా, రజా ఇచ్చినారంటివి గదా?" అంటోంది అనసూయమ్మ.

"ఇచ్చినారు. అందుకే రాలేకుండా ఉండా."

ముసలామె అంది: "ఒక కన్నే గదా కోసేది. రెండోదాంతో చూసుకుంటా. పక్కింటి మహబూబ్‌బీ తోడొస్తానంటాండాది. నువ్వు ఆ మగ్గమామెను చూసుకో. కూడు తిన్నావా?"

తిన్నానని చెప్పి చౌడేశ్వరి ఫోన్ పెట్టేసింది. డబ్బా మూత తీయలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, నన్ను చూసి, "ఏ ఫైలు సార్?" అంది. నాకు ఏ ఫైలో గుర్తు రాలేదు.

ఆ వారంలోనే ఆమె పిటిషన్ వేసింది. కేసు ఎత్తేయమనే వేసింది, కానీ జహీర్ ఒక్కడి మీద. ఎందుకో వివరంగా రాసింది. ఫిర్యాదుదారు మాట, అతని భార్య మాట, డాక్టరు సర్టిఫికెట్, ముడులున్న చీర, ఇవన్నీ మొదటి ముగ్గురి మీద ఆధారాలు, నాలుగోవాడి మీద వీటిలో ఒక్కటీ లేదు, అందువల్ల అతని వరకు కేసు వద్దు. నలుగురికీ వకీలును నేనే కాబట్టి కాపీ నాకిచ్చింది. జహీర్ బయటపడుతున్నాడన్న సంతోషంలో, కాగితం అడుగున, అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టేశాను. కోర్టు ఒప్పుకుంది. జహీర్ బోనులోంచి దిగి, ఆమెకు దండం పెట్టాలా, నాకు పెట్టాలా తెలియక కాసేపు అవస్థ పడి, చివరికి ఫ్యాను వైపు చూసి పెట్టాడు.

చంద్రమోహన్ నా మీద విరుచుకుపడ్డాడు. "ఆటో తోలేవానికి ఇడుదలంట, నాకు లేదంట! అధికారంలో ఉండేది ఎవురు సార్, వాడా నేనా?" ఆ సాయంత్రం నుంచి ఆమె లక్ష్మన్న పార్టీ మనిషి అయిపోయింది. లక్ష్మన్న పార్టీవాళ్లేమో, జహీర్‌ను వదిలేసింది కాబట్టి ఆమె ఇంకా చంద్రమోహన్ మనిషేనని వాదిస్తున్నారు. రెండు టీ అంగళ్లలో రెండు రకాలుగా చెప్పుకునేవాళ్లు.

కొద్ది రోజుల్లో బదిలీ ఉత్తర్వు వచ్చింది. పెనుకొండకు. కక్షతో చేసిన పనిలో కూడా మావాళ్లకు శ్రద్ధ ఉండదు. హిందూపురానికి ధర్మవరం కంటే పెనుకొండే దగ్గర. పొద్దున బస్సెక్కి డ్యూటీకి పోయి రాత్రికి అమ్మ దగ్గర పడుకోవచ్చు. ఈ మాట నేనంటే ఆమె మొదటిసారి గట్టిగా నవ్వింది. "గట్టిగా అనొద్దు సార్, ఇంటే క్యాన్సిలు చేస్తారు," అంది.

ఆమె సామాను పెద్దగా లేదు. వెళ్లే రోజు ఇంటి ముందు జహీర్ ఆటో ఆగింది. అందులోంచి లక్ష్మన్న కూడా దిగాడు. ఒకే కేసులో ఫిర్యాదుదారు, మొన్నటి దాకా ముద్దాయి, ఇద్దరూ ఒకే ఆటోలో సామాను మోయడానికి వచ్చారు. నేను వీడ్కోలు చెప్పడానికి వచ్చి ఇది చూసి మురిసిపోయాను. ఆమె మురిసిపోలేదు.

"కేసు ఇంకా నడుస్తాండాది," అంది. "లక్ష్మన్నా, నువ్వు సాక్షివి. నీతో సామాను మోయించుకుంటే రేపు ఈ సారే బోనులో అడుగుతాడు నిన్ను," అని నన్ను చూపించింది. "ఏమప్పా జహీర్, తప్పుగా అనుకోవద్దు. పాప బాగుండాదా?"

ఆమె మాట నిజం. నేను తప్పకుండా అడిగి ఉండేవాణ్ణి. వాళ్లిద్దరూ చిన్నబుచ్చుకుని నిలబడిపోయారు. ఆమె ఇంకో ఆటో పిలిపించుకుని, పెట్టెలు ఎక్కించుకుని బస్టాండుకు వెళ్లిపోయింది. ఆ ఇద్దర్నీ చూస్తే నాకు బాధేసింది. ఆమె మీద కోపం కూడా వచ్చింది. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు.

కొత్త ప్రాసిక్యూటరు వచ్చాడు. నెమ్మదస్తుడు, కొత్తగా పెళ్లైనవాడు. ముగ్గురి మీదా సాక్ష్యం లేనందున కేసు ఉపసంహరించుకోవడానికి అనుమతించమని పిటిషన్ వేశాడు. చంద్రమోహన్ తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. నాకూ అయిపోయిందనే అనిపించింది. జడ్జి గారు పిటిషన్ చదివి, పక్కన పెట్టి, ఫైల్లో వెనక్కి వెళ్లి ఇంకో కాగితం తీశారు.

"ఈ ముగ్గురి మీద ఫలానా ఫలానా ఆధారాలు ఉన్నాయని ఇదే ప్రభుత్వం తరఫున మీ ముందరి ప్రాసిక్యూటరు ఈ కోర్టుకు రాసిచ్చారు. ముద్దాయిల న్యాయవాది అభ్యంతరం లేదని సంతకం కూడా పెట్టారు. అప్పటికీ ఇప్పటికీ మధ్యలో ఏం మారింది?"

కొత్తాయన ఫైలు తిరగేశాడు. సాక్షులు మారలేదు. డాక్టరు సర్టిఫికెట్ మారలేదు. చీర మూటలోనే ఉంది. మారింది ప్రాసిక్యూటరు ఒక్కరే, ఆ మాట ఆయన తన నోటితో చెప్పలేడు కదా. జడ్జి గారు నా వైపు చూశారు. నా సంతకం నన్నే వెక్కిరిస్తోంది. ఇన్నేళ్ల అనుభవం ఉండి, జహీర్ బయటికి వచ్చే తలుపు చూశానే గానీ, అదే తలుపుకు మిగతా ముగ్గురికి గడియ పడుతోందని చూడలేదు. అనుమతి నిరాకరించడమైనదని జడ్జి గారు రాయించారు.

తర్వాత ఒక పని మీద పెనుకొండ కోర్టుకు వెళ్లినప్పుడు ఆమెను అడిగాను, ముందే ఆలోచించి వేశావా అమ్మా ఆ పిటిషన్ అని.

"జహీర్‌కు న్యాయం చెయ్యాలని ఏసినా సార్. ఉండే మాట రాసినా," అంది. "సంతకం మీరే పెట్టినారు." అనసూయమ్మకు రెండో కంటికి కూడా ఆపరేషన్ అయిందని, ఈసారి తనే దగ్గరుందని చెప్పింది. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. ఎవరో చూసుకుని, నాకు తల ఊపి, వరండాలోకి నడిచింది.

మా కోర్టులో విచారణ మొదలైంది. రామాంజినమ్మ బోనెక్కిన రోజు చీర మూట విప్పారు. కోర్టు హాల్లో అంత పట్టుచీర పరిచేసరికి అందరూ ముందుకు వంగారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో నేను చేయగలిగింది ఒకటే మిగిలింది.

"ఈ ముడులు వేసింది మీరే కదమ్మా?" అన్నాను.

ఆమె చీర మీద బొటనవేలితో ఆ వరస తడుముకుంటూ పోయింది. "నేనే ఏసినా సామీ. తెంపింది మాత్రం నేను కాదు," అంది.

నేను కూర్చున్నాను.

ఆ సాయంత్రం చంద్రమోహన్ నా ఆఫీసుకు వచ్చాడు. తీర్పు ఎలా ఉంటుందో అతనికీ అర్థమైంది. అరవలేదు. వచ్చే ఎన్నికల గురించి ఊళ్లో అప్పటికే మాటలు మొదలయ్యాయి, తమ పార్టీకి గాలి అంత బాగా లేదని అతనికి తెలుసు.

"సార్," అన్నాడు. "ఈసారి మేం దిగిపోయినామనుకో. ఆ పొద్దు ఊర్లో యాడ ఏం జరిగినా నా పేరు రాస్తారు. నేను ఊర్లో లేకున్నా రాస్తారు. జహీర్‌కు రాసినట్లు."

"రాస్తారు," అన్నాను.

"ఎలక్షన్లకు ముందే ఆ యమ్మను మల్లా ఈడికే ఏపించుకుంటే ఎట్లుంటాది? మా ఎమ్మెల్యేకు చెప్తా. ఒక్క మాట చాలు."

నాకు నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. అతని ముఖంలో నిజమైన భయం ఉంది.

"నీ మాట మీద వచ్చే ప్రాసిక్యూటరు రేపు ఇంకొకడి మాట మీద నిన్ను లోపల వేస్తాడయ్యా," అన్నాను. "ఆ యమ్మ నీ మాట వినదు కాబట్టే కదా ఇప్పుడు నీకు కావాల్సొచ్చింది?"

అతను బుర్ర గోక్కుంటూ లేచాడు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఇన్నేళ్లుగా ఊరంతా అడుగుతున్న మాటే మళ్లీ అడిగాడు.

"ఇంతకూ ఆ యమ్మ ఎవురి మనిషి సార్?"

"నిన్న జహీర్ మనిషి. ఈ పొద్దు లక్ష్మన్న మనిషి," అన్నాను. "దేవుడికి దండం పెట్టుకో, రేపు నీ మనిషి కావాలని."